లారీ దిగిన చేప చెరువు సంగతి చెప్పదు

(వరంగల్ వైపు ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం విద్యార్థులకూ, చుట్టుపక్కల మత్స్య సహకార సంఘాల సభ్యులకూ కలిపి చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వచ్చిన ప్రశ్నలను వచ్చినచోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో కూర్చున్న సంఘం పెద్దలు కాస్త ముందుకు రావాలి. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీలాంటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. తప్పు చెబితే అక్కడికక్కడే ఆపండి. ఈ పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు, తప్పు రాసుకుంటే వీళ్ళ మార్కులు పోతాయి. (నవ్వులు)

ఒక తెల్లవారుజాము సంగతితో మొదలుపెడతాను. ఊరు పేరు చెప్పను. వేసవి చివర, నీళ్ళు సగానికి దిగిన చెరువు. సంఘం వాళ్ళు పెద్ద వల లాగుతున్నారు. నేను కట్ట కింద తరాజు పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. బొచ్చెలు, రవ్వులు, బంగారుతీగలు కుప్పలు పోశారు. ఐసు పెట్టెలతో వ్యాన్లు వచ్చి ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు మంచి ఊపులో ఉన్నాడు. "రాసుకోండి సార్, మా చెరువు మస్తు మంచిగున్నది" అన్నాడు.

నేను ఆ కుప్పలో చెయ్యిపెట్టి కెలికాను. వేలెడంత ఉండే చిన్న చేప, పరిగె, ఒక్కటి లేదు. ఒక్క జెల్ల లేదు. వల కన్ను పెద్దదై జారిపోయాయేమోనని, సన్నకన్ను విసురు వల గట్టు వెంబడి పదిచోట్ల వేయించాను. తిలాపియా పిల్లలు పడ్డాయి, నాలుగు మట్టగిడసలు పడ్డాయి. అంతే. పక్కన బీడీ కాల్చుకుంటున్న ముసలాయన్ని అడిగాను, తాతా, పరిగెలు ఏమైనయని. ఆయన బీడీ కట్టకు రాసి ఆర్పేసి, "పరిగెలా సారూ? మా మనుమరాలు వాటిని చూడనే లేదు" అన్నాడు.

నా పుస్తకంలో ఆ రోజు రెండు లెక్కలున్నాయి. ఒకటి తరాజు లెక్క, క్వింటాళ్ళలో. రెండోది రకాల లెక్క, వేళ్ళ మీద. మొదటిది చూస్తే పండగ చేసుకోవాలి. రెండోది చూస్తే ఆ చెరువుకు ఏదో అయింది. ఈ గంటసేపూ నేను మాట్లాడేది ఆ రెండో లెక్క గురించే.

ముందు మొదటి లెక్క ఎందుకు నమ్మకూడదో చెప్పాలి. బొచ్చె, రవ్వు, మోసు ఇవి మూడూ నది చేపలు. చెరువులో బతుకుతాయి, బలుస్తాయి, గుడ్డు కూడా పడుతుంది కడుపులో. కానీ ఆ గుడ్డు మామూలుగా చెరువు నీళ్ళలో పెట్టవు. వాటికి వరద రావాలి, పారే నీళ్ళు తగలాలి. మరి ఏటా లక్షల పిల్లలు ఎక్కడ నుంచి వస్తున్నాయి? 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీ, ఆలికున్హి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పని చేసి చూపించారు. చేప తలలో, మెదడు కింద పీయూష గ్రంథి అని గింజంత ఉంటుంది. దాన్ని తీసి, నూరి, ఆ రసాన్ని గుడ్డుతో ఉన్న చేపకు సూదితో ఎక్కించారు. నది లేకుండానే చేప గుడ్లు పెట్టింది. అందుకే జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకుంటాం. అంతకుముందు వరదల్లో నదికి పోయి గుడ్లూ పిల్లలూ దేవుకొచ్చేవాళ్ళు. అందులో ఏ చేప పిల్ల ఎంతుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ పనిని నేను తక్కువ చెయ్యను. ఇవాళ ఆంధ్రప్రదేశ్ లోతట్టు చేపల ఉత్పత్తిలో దేశంలోనే ముందుందంటే మూలం అక్కడుంది. తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో వేస్తున్న ఉచిత చేపపిల్లలకూ మూలం అదే. ఇక్కడున్న చాలామంది ఇళ్ళల్లో దాని అన్నం తిన్నారు. నా పేచీ ఒక్కటే. ఆ చేప హేచరీలో పుట్టింది, ఆక్సిజన్ సంచిలో లారీ ఎక్కింది, ఆగస్టులో చెరువులో దిగింది, మేలో తరాజు ఎక్కింది. ఆ చెరువులో అది పుట్టలేదు, పిల్లల్ని పెట్టలేదు, ఒక తరం గడపలేదు. లాడ్జిలో దిగినవాణ్ణి ఊరి సంగతి అడిగితే ఏం చెబుతాడు? అద్దె ఎంతో చెబుతాడు.

ఊరి సంగతి తెలియాలంటే ఊళ్ళో పుట్టినవాళ్ళని అడగాలి. చెరువులో వాళ్ళెవరు? పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, బొమ్మిడాయిలు, ఇసుకదొందులు, కొర్రమీను, మార్పు, వాలుగ. వీటికి పిల్లలు ఎవరూ పొయ్యరు. తమంతట తాము పుట్టాలి. పుట్టాలంటే ఒక్కోదానికి ఒక్కో జాగా కావాలి.

గట్టు నుంచి నడుద్దాం. నీళ్ళు మోకాలు లోతు ఉండి, తుంగ, గడ్డి, తామరలాంటివి పెరిగిన అంచు ఉంటుంది చూశారా, అది చేపల ప్రసూతి వార్డు. పరిగె గుడ్లు అక్కడి మొక్కలకు అంటుకుంటాయి. కొర్రమీను అయితే ఆ గడ్డిని తోసి గుండ్రంగా చిన్న జాగా చేసుకుని అక్కడ గుడ్లు తేలేస్తుంది. ఇంకొంచెం లోపలికి పోతే, నీళ్ళ మధ్య తిరిగేవి వేరు. అడుగున ఉండేవి వేరు. ఇసుకదొందును చూడండి. అది ఈదడం తక్కువ, ఇసుక మీద కడుపానించి పడుకోవడం ఎక్కువ. పడుకున్నచోట ఇసుక రంగులోనే ఉంటుంది, పక్కన కాలు పెట్టినా కనపడదు. అడుగున ఇసుక పోయి నల్ల బురద చేరిందంటే దానికి ఇల్లు పోయినట్టే. అంటే అడుగు సంగతి ఎవరు చెబుతారు? ఇసుకదొందు. అంచు సంగతి? పరిగె. ఒక్కో చేప ఒక్కో గది కాపలాదారు.

ఇక్కడ ఒక మాట చెబితే కొందరికి కోపం రావచ్చు. 2015 నుంచి మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశాం. మంచి పని, నీళ్ళు నిలిచాయి. కానీ కొన్నిచోట్ల జేసీబీ గట్టు నుంచి నేరుగా నిలువునా దించేసింది. చెరువు బకెట్టు అయిపోయింది. లోతుంది, అంచు లేదు. నీళ్ళ లెక్కలో అది లాభం, పరిగె లెక్కలో ఆసుపత్రి కూల్చేసినట్టు. తీసేటప్పుడే శిఖం వైపు, అంటే నీళ్ళు దిగితే బయటపడే చెరువు నేల వైపు, నాలుగు గజాలు వాలుగా వదిలేస్తే పోయేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, అది మా తప్పే.

ఈ రకాల లెక్కను శాస్త్రంలోకి తెచ్చినవాడు అమెరికాలో జేమ్స్ కార్ అనే ఆయన. 1981లో రాశాడు. అంతకుముందు వాగు బాగుందా లేదా అంటే నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి ల్యాబులో చూసేవాళ్ళు. అందులో ఇబ్బంది ఏంటంటే, సీసా ఆ నిమిషం సంగతే చెబుతుంది. ఫ్యాక్టరీ రాత్రి వదిలి పొద్దున మూసేస్తే పదకొండు గంటల సీసాకు ఏం తెలుస్తుంది? చేప రాత్రీ అక్కడే ఉంటుంది, ఆదివారమూ అక్కడే ఉంటుంది. దానికి సెలవు లేదు. కాబట్టి చేపనే అడుగుదాం అన్నాడు కార్.

ఆయన పన్నెండు ప్రశ్నలు పెట్టాడు. స్థానిక రకాలు ఎన్ని? అడుగున బతికేవి ఎన్ని? మురికి ఓర్వలేని సున్నితమైనవి ఉన్నాయా? పురుగులు తినేవి ఎంత భాగం, ఏది దొరికితే అది తినేవి ఎంత భాగం? పుండ్లు, గడ్డలు, వంకర వెన్ను ఉన్నవి ఎన్ని? మనిషి చెయ్యి పడని వాగుతో పోల్చి, ఒక్కో ప్రశ్నకు 5, 3 లేదా 1 మార్కు. అన్నీ కలిపితే ఎక్కువంటే 60, తక్కువంటే 12. సున్నా రాదు, మన యూనివర్సిటీలో ఇంటర్నల్ మార్కుల్లాగా. (నవ్వులు)

ఆ పన్నెండులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. గ్రీన్ సన్‌ఫిష్ అని వాళ్ళ దగ్గర ఒక మొండి చేప. అది ఎంత ఎక్కువుంటే మార్కు అంత తక్కువ. ఎక్కువ చేపలకు తక్కువ మార్కు! తరాజు దగ్గర కూర్చునేవాడికి ఇది బుర్రకెక్కడం కష్టం. చేపలన్నీ ఒకటి కాదు, కొన్ని చేపలు పెరగడం రోగం పెరిగినట్టు.

మన దేశంలో కూడా ఈ లెక్క వేశారు. ఇండోర్ మురుగు మోసే ఖాన్ నది, ఉజ్జయిని పక్కన పారే క్షిప్ర, ఆ రెంటి మీద చేసిన పని 1998లో అచ్చయింది. అమెరికా జాబితాను అట్లాగే ఎత్తుకొచ్చి పెడితే కుదరదు. మన దగ్గర గాలి పీల్చే చేపలున్నాయి, వానకాలానికీ ఎండాకాలానికీ వాగు పోలికే ఉండదు. ప్రశ్నలు మనవి మనమే రాసుకోవాలి.

గాలి పీల్చే చేపలన్నాను కదా. దాని ముందు గాలి పీల్చని వాటి సంగతి చూద్దాం. చెరువులో చేపలు తెల్లారేసరికి తేలిపోయాయని పేపర్లో చదువుతుంటాం. విషం కలిపారని గొడవ, కేసు. నిజంగా కలిపిన సందర్భాలు ఉన్నాయి, లేవనను. కానీ చాలాసార్లు హంతకుడు వేరే. గమనించండి, చచ్చేది దాదాపు ఎప్పుడూ తెల్లవారుజామునే. మధ్యాహ్నం మూడింటికి ఎందుకు చావవు?

చెరువులోకి మురుగు వస్తే పాచికి ఎరువు దొరికినట్టు. నీళ్ళు పచ్చగా చిక్కబడతాయి. పగలు ఆ పాచి ఎండను తిని ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం కొలిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. పొద్దుగూకాక అదే పాచి ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడుతుంది. చేపలూ పీలుస్తాయి, అడుగున కుళ్ళే చెత్తలోని సూక్ష్మజీవులూ పీలుస్తాయి. రాత్రంతా ఖర్చే, జమ లేదు. సూర్యుడు రావడానికి ముందు ఖాతా అడుగంటుతుంది. పైగా నీళ్ళు వేడెక్కే కొద్దీ అసలు పట్టేదే తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. చేపలకు కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

దీన్ని కంటితో చూడొచ్చు. వింక్లర్ పద్ధతి, 1888 నాటిది, మీ ల్యాబులో చేసే ఉంటారు. కానీ ల్యాబులో కాదు, తెల్లారి నాలుగున్నరకు కట్ట మీద చెయ్యాలి. గాజుమూత సీసాను నీళ్ళలో ముంచి, బుడగ రాకుండా నింపి మూస్తాం. మాంగనీస్ సల్ఫేటు కొంచెం, తర్వాత క్షారం కలిపిన అయొడైడు కొంచెం. తలకిందులు చేసి ఊపితే మబ్బులాగా ఒక మడ్డి విరుగుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమరంగు, ముదురు చాయ్ రంగు. లేకపోతే తెలుపు, విరిగిన పాల లాగా.

మొదటిసారి నా సీసాలో తెలుపు వచ్చినప్పుడు నేను మందు పాడైందనుకున్నాను. ఇంకో సీసా పట్టాను. మళ్ళీ తెలుపే. అప్పుడు బ్యాటరీ లైటు నీళ్ళ మీద వేస్తే, నీటి పైపొర అంతా నోళ్ళు. గుండ్రంగా తెరిచిన నోళ్ళు, మూసి తెరిచి, మూసి తెరిచి. చప్పుడు కూడా వినపడుతుంది, చిన్నగా, బియ్యం చాటలో వేసినట్టు. పెద్ద చేపలు ముందు పోతాయి. ఏడింటికల్లా గాలివాటు ఒడ్డుకు తెల్లటి కడుపులు కొట్టుకొచ్చాయి. పదకొండింటికి అధికారులొచ్చి సీసాలు నింపుకుపోయారు. అప్పటికి ఎండ పడి పాచి పని మొదలైంది. వాళ్ళ రిపోర్టులో ఆక్సిజన్ "తగినంత" ఉంది. అబద్ధం రాయలేదు వాళ్ళు, ఆలస్యంగా వచ్చారు, అంతే.

ఆ పొద్దున బతికినవి ఏవి? కొర్రమీను, మార్పు, మట్టగిడస. వీటికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చే అర ఒకటి ఉంటుంది. పైకొచ్చి గాలి మింగి పోతాయి. ఎంతలా అలవాటు పడ్డాయంటే, నీళ్ళలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, పైకి రానివ్వకుండా వలతో కప్పేస్తే కొర్రమీను ఊపిరాడక చస్తుంది. చేప నీళ్ళలో మునిగి చావడం! ఎండాకాలం బురదలో దాక్కుని వాన దాకా నెట్టుకొచ్చేదీ ఈ అర వల్లే.

అందుకని ఒక చెరువులో చివరికి ఇవే మిగిలాయంటే... మన సంఘం వాళ్ళకు సంతోషం, ధర బాగా వస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కూడా కొర్రమీనే. నాకూ ఇష్టమే, పులుసైతే మరీ. కానీ కార్ లెక్కలో గ్రీన్ సన్‌ఫిష్ చేసే పనే మన దగ్గర ఇవి చేస్తాయి. పరిగె పోయి మార్పు చేప పెరిగిందంటే, చెరువు నీళ్ళల్లో ఊపిరి లేదని అర్థం.

పాపం కొర్రమీనుకూ కష్టాలున్నాయి. 1988లో ఈశాన్య రాష్ట్రాల మీదుగా ఒక బూజు రోగం మన దేశంలోకి వచ్చింది. చలికాలంలో ఒంటి మీద ఎర్రటి మచ్చ, అది పుండై కండ దాకా తినేస్తుంది. కొర్రమీను జాతికే ఎక్కువ తగిలింది. ఇంకొకటి మనం చేసేది. కొర్రమీను పిల్లలు పుట్టగానే ఎర్రగా, నారింజ రంగులో గుంపు కట్టి నీళ్ళ పైన కుతకుతలాడుతుంటాయి. కిందనే తల్లీ తండ్రీ కాపలా. ఆ ఎర్రటి ఉడుకు కనపడితే కింద పెద్ద చేప ఉన్నట్టు మనకు తెలుసు. గాలం అక్కడే వేస్తాం. తల్లిని లాగేశాక ఆ పిల్లల్ని పరాయి చేపలు నిమిషాల్లో తినేస్తాయి. ఇక్కడెవరైనా అట్లా గాలం వెయ్యనివాళ్ళున్నారా? (నవ్వులు) నేనూ చిన్నప్పుడు వేశాను.

(సభ నుంచి ఒక సంఘం సభ్యుడు: "సార్, పరిగెలు పోయినయంటున్నరు. పోతే మాకేం నష్టం సార్? దానికి ధర లేదు. వ్యానోడు కొనడు.")

మంచి ప్రశ్న అన్నా, సూటిగా అడిగావు. వ్యానువాడు కొనడు కాబట్టే అది మీ ఇంటికి వచ్చేది. పరిగె అనే మాటే చూడు. కోత అయిపోయాక చేలో రాలిన వెన్నులను పరిగె అంటాం. పరిగె ఏరుకునేది పొలం లేనివాళ్ళు. ఈ చిన్న చేపకూ అదే పేరు పడింది, యాదృచ్ఛికమో కాదో భాషాశాస్త్రం వాళ్ళు చెప్పాలి. నాకైతే రెండూ ఒకటే అనిపిస్తుంది. రెండూ లేనివాళ్ళ వంతు.

ఇంకోటి. బొచ్చెను ముక్కలు కోసి ముల్లు పారేస్తాం. పరిగెను తలతో, ముల్లుతో, కళ్ళతో సహా వేయించుకుని నమిలేస్తాం. బలమంతా ఆ పారేసేదాంట్లోనే ఉంది. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిన్న చేప మీద శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి పనిచేసింది. దాని కళ్ళలో, కడుపులో విటమిన్ ఏ దండిగా ఉందని చూపించింది. చెరువులో పెద్ద చేపలతో పాటు వీటినీ బతకనిస్తే తల్లులకూ పిల్లలకూ ఎంత మేలో చూపించింది. 2021లో ఆవిడకు ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. చేపపిల్లలు వదిలే ముందు ఆ "పనికిరాని" చిన్న చేపల్ని మందు కొట్టి చంపాలని ఒకప్పుడు మేమే పాఠాలు చెప్పాం. ఆ పాఠం విన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉండొచ్చు.

(అదే సభ్యుడు: "ఉన్నం సార్.") (నవ్వులు)

ఇక బయటి చేపలు. త్వరగా చెప్పేస్తాను. తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. అది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, కాబట్టి దానికి తుంగా అక్కర్లేదు, అంచూ అక్కర్లేదు. బకెట్టు లాంటి చెరువులో అది గెలవక ఎవరు గెలుస్తారు? ఆఫ్రికా మార్పు చేపను 2000లో కేంద్రం నిషేధించింది, అయినా రాత్రిపూట ఎక్కడెక్కడో దిగుతూనే ఉంది. ఇళ్ళల్లో గాజుతొట్టెల నుంచి బయటపడ్డ సక్కర్ చేప సంగతి వల పట్టే మీకు చెప్పక్కర్లేదు, దాన్ని వల నుంచి విడిపించేసరికి వలే మిగలదు.

బయటిది అంటే విదేశీ అనే కాదు. కావేరిలో మూపురం ఉన్న మహసీర్ ఒకటుంది, టోర్ రెమదేవి. నిలువెత్తు పెరిగే చేప. దాని నదిలోకి మంచి ఉద్దేశంతోనే లోనావాలా హేచరీలో పెంచిన మన దక్కను మహసీర్‌ను వదిలారు. వదిలింది పెరిగింది, సొంతది తరిగింది. గాలం వేసేవాళ్ళు మాత్రం మహసీర్లు బాగానే పడుతున్నాయనుకున్నారు. పడుతున్నది వేరేదని తేలి, అసలుదానికి పేరు ఖరారయ్యేసరికి 2018. అప్పటికే అది అంతరించే అంచున ఉంది. చూశారా, ఇక్కడా లారీ దిగిన చేప సంగతే.

చేపకు జాగా అంటే చెరువు ఒక్కటే కాదు, దారి కూడా. తొలకరికి మత్తడి, అంటే చెరువు నిండి పొర్లే అలుగు, దుంకేటప్పుడు కింద నిలబడి చూడండి. నీళ్ళు కిందికి, చేపలు పైకి. వేలెడంత పరిగెలు రాతి మీద పల్చగా జారే నీళ్ళలో ఒంటిని అడ్డంగా వేసి, తోకతో కొట్టుకుంటూ ఎక్కుతాయి. పైన ఇంకో కుంట ఉంది, దాని అంచున గడ్డి మునిగింది, గుడ్లకు అది కావాలి. కాకతీయుల నాటి నుంచి మన గొలుసుకట్టు చెరువులు నీళ్ళకే కాదు, చేపలకూ మెట్లు. సరిగ్గా అప్పుడే మనం చీరకొంగులు, దోమతెరలు పట్టుకుని మత్తడి కింద నిలబడతాం. మృగశిర కార్తె వచ్చింది, చేప తినాలి కదా! కడుపుతో ఉన్నదాన్ని కడుపుతోనే తినేస్తాం. సముద్రంలో తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. మత్తడి దగ్గర ఒక్క పది రోజులు ఆపమంటే నన్ను తిట్టినవాళ్ళున్నారు.

ఇదే కథ పెద్ద నదుల్లో పెద్దగా జరిగింది. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కి వస్తుంది, ధవళేశ్వరం దగ్గర 1852లోనే ఆనకట్ట అడ్డం పడింది. గంగలో అదే చేప అలహాబాద్ దాటి పైకి పోయేది, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ దారి మూతపడినంత పనైంది. చైనాలో యాంగ్జీ నదిలో తెడ్డుముక్కు చేప ఉండేది, డైనోసార్ల కాలం వంశం. గెజౌబా డ్యాం 1981లో నదిని మూసింది, ఆ చేప ఆఖరిసారి కనపడింది 2003లో, అంతరించిందని 2022లో ప్రకటించారు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మంచినీటి చేప రకాల్లో నాలుగో వంతుకు పైగా ముప్పులో ఉన్నాయి. ఆ అంకె ముందు పెట్టి మిమ్మల్ని భయపెట్టడం నా పని కాదు, మన కుంటలో ఎన్ని రకాలున్నాయో మనకే తెలియనప్పుడు ఆ అంకెతో ఏం చేసుకుంటాం?

అక్కడే నాకు అసలు చిక్కు. కార్ లెక్క వెయ్యాలంటే పోల్చడానికి చెడిపోని వాగు ఒకటి కావాలి. మన చెరువులు మనుషులు తవ్వినవి. చెడిపోని చెరువు ఎట్లా ఉంటుందో ఎవర్ని అడగాలి? పాకాల, లక్నవరం లాంటి అడవి చెరువులు కొంత చెబుతాయి. మిగతాది ముసలివాళ్ళ నోట్లో ఉంది. డేనియల్ పౌలీ అనే చేపల శాస్త్రవేత్త 1995లో ఒక మాటన్నాడు. ఏ తరానికి ఆ తరం, తాను కొలువులో చేరిననాటి నీళ్ళనే మామూలు నీళ్ళనుకుంటుందట. నేను ఉద్యోగంలో చేరినప్పుడు చెరువుకు పది రకాలుంటే "బాగానే ఉంది" అని రాశాను. మా గురువుగారు చూసి ఉంటే నెత్తి కొట్టుకునేవారు. ఈ పిల్లలు నాలుగు రకాలు చూసి బాగానే ఉందని రాస్తారు. ఆ బీడీ తాత మనుమరాలికి అసలు పరిగె అంటేనే తెలియదు.

కాబట్టి మీకో పని. పెద్ద యంత్రాలేం వద్దు. యంత్రాలూ వస్తున్నాయి, మన హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు చిలికా సరస్సులో నీళ్ళు మాత్రమే తీసుకుని అందులోని డీఎన్ఏతో ఏమేం జీవులున్నాయో చదివారు. బాగుంది. అది వచ్చేలోపు ఒక వంద పేజీల పుస్తకం కొనండి. ఒక్కో చెరువుకు ఒక్కో పుస్తకం. నెలకోసారి, ఒకే చోట, ఒకే విసురు వల, ఇరవై సార్లు. పడ్డ రకం పేరు మీ ఊళ్ళో ఏమంటారో అదే రాయండి, లాటిన్ పేరు తర్వాత వెతుక్కోవచ్చు. ఎన్ని పడ్డాయి, పుండున్నవి ఎన్ని, గుడ్డుతో ఉన్నవి ఎన్ని. ఏమీ పడకపోతే "ఏమీ పడలేదు" అని తేదీతో రాయండి. మా శాఖలో చాలామంది రాయనిది అదే, అన్నిటికన్నా విలువైందీ అదే. చూశాక చేపను మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యండి, పులుసు పెట్టుకోకండి. (నవ్వులు)

(సభ నుంచి ఒక విద్యార్థిని: "సార్, పరిగెలు పూర్తిగా పోయిన చెరువులోకి మళ్ళీ వస్తాయా?")

వస్తాయమ్మా, పై కుంటలో మిగిలి ఉంటే, మధ్యలో వాగు దారి తెగకుండా ఉంటే. ఆ బీడీ తాతను నేను మళ్ళీ కలిశాను. చెరువుకు ఎగువన గుట్ట కింద ఒక చిన్న కుంట ఉందని, దానికి పేరు కూడా లేదని, అందులో "సన్నయి, తోక దగ్గర నల్లచుక్కవి" ఇంకా ఆడుతుంటాయని చెప్పాడు. వాగు మీద రోడ్డు వేసినప్పుడు పెట్టిన తూము గొట్టం కింది నేలకు జానెడు ఎత్తులో ఉండిపోయింది. నీళ్ళు దిగుతాయి, చేప ఎక్కదు. నాలుగు రాళ్ళు మెట్టుగా పేరిస్తే ఎక్కుతుందో లేదో చూడాలి.

ఆ కుంట ఇక్కడికి దూరమేం కాదు. వచ్చే ఆదివారం నాలుగింటికి కాలేజీ గేటు దగ్గర ఆటో ఉంటుంది. సంఘం నుంచి ఇద్దరు రండి, వల మీదే. సీసాలూ మందులూ నేను తెస్తాను. పిల్లలు బ్యాటరీ లైట్లు తెచ్చుకోండి, చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, తుంగలో జలగలుంటాయి.